హరికథ, పద్యనాటకం సీడీలు రిప్ చేసి మళ్ళీ రైట్ చేసేదానికి: టిక్కు శబ్దాలు, పద్యం మధ్యలో ఖాళీలు

మైపాడు_అల:
అందరికీ నమస్కారం. హరికథలు, పద్యనాటకాలు, భక్తిగీతాలు కలిపి 60 ఆడియో సీడీలున్నాయి. వీటిని రిప్ చేసి, అంటే కంప్యూటర్లోకి ఎక్కించి, కొన్ని పాటలు ఏరి, ధనుర్మాసం లోపల గుడి మైకు సెట్టుకు ఆడియో సీడీలు, కారుకు ఎంపీత్రీ సీడీలు తయారు చెయ్యాలి. విండోస్ 10 లాప్‌టాప్, బయట తగిలించే యూఎస్‌బీ డీవీడీ రైటర్ ఉన్నాయి. విండోస్ మీడియా ప్లేయర్‌లో 128 కేబీపీఎస్ ఎంపీత్రీగా రిప్ చేసి, దాన్నుంచే ఒక సీడీ రైట్ చేసి చూస్తే మూడు తేడాలు కనపడ్డాయి. ఒకటి, అక్కడక్కడా టిక్కు టిక్కుమని శబ్దం. రెండు, హరికథలో ఒక ట్రాక్ అయ్యి ఇంకోటి మొదలయ్యే చోట రెండు సెకన్లు నిశ్శబ్దం, రాగం తెగిపోతుంది. మూడు, గుడి ప్లేయర్లో చివరి రెండు ట్రాకులు ఎగిరెగిరి పడతున్నాయి. మొదటినుంచీ ఎట్టా చేస్తే సరిగ్గా వస్తుంది?

ఒంగోలు_గిత్త:
మూడూ వేరు వేరు జబ్బులు అన్నా, మందులూ వేరే. ముందు రిప్పింగు సంగతి చూద్దాం. అక్కడ పోయింది తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ తెచ్చివ్వలేదు.

128 ఎంపీత్రీని పక్కన పెట్టెయ్యండి. ఆడియో సీడీలో ఉండేది సెకనుకు 44,100 శాంపిళ్ళు, ఒక్కోటి 16 బిట్లు, రెండు ఛానెళ్ళు. అంటే 1,411 కేబీపీఎస్. 128కి కుదిస్తే పదకొండో వంతు మిగులుతుంది. సుమారు 16 కిలోహెర్ట్జ్ పైన ఉండేది కోసేస్తుంది. చిడతల గలగల, తాళాల అంచు దెబ్బతినేది అందుకే. ఆ ఎంపీత్రీ నుంచి ఆడియో సీడీ కొడితే సైజు మళ్ళీ 1,411కి పెరుగుతుంది గానీ పోయిన శబ్దం రాదు. ఫ్లాక్‌లో పెట్టుకోండి. ఇది జిప్ లాంటిది, ఒక్క బిట్టు కూడా పోదు. నిండా ఉన్న సీడీ ఫ్లాక్‌లో సామాన్యంగా 300 నుంచి 450 ఎంబీ పడుతుంది. 60 సీడీలకు 30 జీబీ దాటదు. కుదింపు స్థాయి 5 అయినా 8 అయినా శబ్దం ఒకటే, సైజులో చిన్న తేడా అంతే.

రిప్ చేసేదానికి ఎగ్జాక్ట్ ఆడియో కాపీ వాడండి, ఉచితం. దాన్నే ఈఏసీ అంటాం. మామూలు ప్లేయర్లు సీడీని ఒక్కసారి చదివి వచ్చింది రాసేస్తాయి. ఈఏసీ సెక్యూర్ మోడ్‌లో ప్రతి భాగాన్నీ కనీసం రెండుసార్లు చదివి పోలుస్తుంది. రెండూ కలవకపోతే ఆ చోటునే 16 సార్ల చొప్పున మళ్ళీ మళ్ళీ చదువుతుంది. అప్పటికీ కలవకపోతే ఏ నిమిషం ఏ సెకను దగ్గర అనుమానమో చివర్లో చెప్తుంది. మీ టిక్కు శబ్దాల్లో చాలావరకు ఇట్టా దొరుకుతాయి.

సెట్టింగులు: డ్రైవ్ ఆప్షన్స్‌లో సెక్యూర్ మోడ్ పెట్టండి. "అక్యురేట్ స్ట్రీమ్" టిక్కు పెట్టండి. "డ్రైవ్ క్యాషెస్ ఆడియో డేటా" కూడా పెట్టండి. అది పెట్టకపోతే రెండోసారి చదివేటప్పుడు డ్రైవు తన మెమరీలో ఉన్న పాత ముక్కనే ఇచ్చేస్తుంది, పోలిక పనికిరాకుండా పోతుంది. "సీ2 ఎర్రర్" (తప్పు చదివిన చోటును డ్రైవే చెప్పే పద్ధతి) టిక్కు మాత్రం తీసెయ్యండి. చాలా డ్రైవులు ఆ సమాచారం సరిగా ఇవ్వవు, ఇచ్చానని చెప్పి మోసం చేస్తాయి.

తర్వాత ఎఫ్4 నొక్కితే ట్రాకుల మధ్య గ్యాపులు కనుక్కుంటుంది. ఆపైన షిఫ్ట్ ఎఫ్6, అంటే టెస్ట్ అండ్ కాపీ. ట్రాకును రెండుసార్లు మొదటినుంచి చివరిదాకా చదివి రెండు సీఆర్‌సీలు, అంటే చదివిన డేటా మొత్తానికి లెక్కేసిన సరిచూపు అంకెలు, ఇస్తుంది. ఆ రెండు అంకెలూ ఒకటైతేనే ఆ ట్రాక్ వచ్చినట్టు. లాగ్ ఫైలును ఫ్లాక్‌ల పక్కనే దాచండి, పదేళ్ళ తర్వాత అనుమానం వచ్చినా చూసుకోవచ్చు.

కనిగిరి_కొండ:
గిత్త గారూ, అక్యురేట్‌రిప్ సంగతి చెప్పలేదు, అదే అందరి రిప్పులనూ పోల్చే ఆన్‌లైన్ డేటాబేస్. ఆఫ్‌సెట్ పెట్టకుండా రిప్ చేస్తే డేటాబేస్‌తో కలవదు కదా?

ఒంగోలు_గిత్త:
నిజమే, వదిలేశాను. ప్రతి మోడల్ డ్రైవూ పాట ఎక్కడ మొదలవుతుందో కొన్ని శాంపిళ్ళు అటూ ఇటూగా చదువుతుంది. ఆ తేడానే ఆఫ్‌సెట్ అంటారు, +6, +102, +667 ఇట్టా మోడల్‌ని బట్టి అంకె మారుతుంది. 667 శాంపిళ్ళంటే సెకనులో 66వ వంతు, చెవికి తెలియదు. అయితే మీ రిప్పును ఇంకొకరి రిప్పుతో పోల్చాలంటే ఇది సరిచెయ్యాల్సిందే. బాగా అమ్ముడుపోయిన హిందీ సినిమా సీడీ గానీ ఇంగ్లీషు ఆల్బమ్ గానీ ఒకటి పెడితే ఈఏసీ దాన్ని అక్యురేట్‌రిప్‌లో గుర్తుపట్టి, మీ డ్రైవు ఆఫ్‌సెట్ తనే పెట్టుకుంటుంది. మళ్ళీ ముట్టుకోనక్కర్లేదు.

కాకపోతే మన పద్యనాటకం, హరికథ సీడీలు ఆ డేటాబేస్‌లో కనపడటం అరుదు. "డేటాబేస్‌లో లేదు" అని వస్తే రిప్ చెడిందని కాదు, పోల్చేదానికి ఇంకో కాపీ లేదని అర్థం. అందుకే మన సీడీలకు టెస్ట్ అండ్ కాపీ తప్పనిసరి అంటున్నా. ఇంకా గట్టిగా కావాలంటే అదే సీడీని వేరే డ్రైవులో చదివించి సీఆర్‌సీలు పోల్చండి. ఒక్కోసారి ఒక డ్రైవు అదే తప్పును రెండుసార్లూ ఒకేలా చదువుతుంది. వేరే లెన్సు ఆ తప్పు పట్టిస్తుంది.

లైనక్స్ వాడేవాళ్ళకు విప్పర్ ఉంది, ఇదే పని చేస్తుంది. మ్యాక్‌లో ఎక్స్ఎల్‌డీ.

పెన్నాగట్టు:
డ్రైవులో పెట్టేముందు సీడీని చూడండి. చాలామంది కింద మెరిసే వైపు గీతలే చూస్తారు. ప్రాణం పైన బొమ్మ ఉన్న వైపు ఉంది. సీడీ మందం 1.2 మిల్లీమీటర్లు. లేజరు కిందనుంచి ఆ మందమంతా దాటుకుని పైన ఉన్న అల్యూమినియం పొరను చదువుతుంది. ఆ పొరకూ మీ వేలికీ మధ్య ఉండేది పల్చటి లక్క, దానిమీద ముద్ర, అంతే.

సీడీని ట్యూబ్‌లైటుకు అడ్డంపెట్టి, బొమ్మ వైపునుంచి చూడండి. సూదిమొనంత వెలుతురు చుక్కలు కనపడితే అక్కడ పొర ఊడిపోయినట్టు. ఎంత తుడిచినా అది తిరిగి రాదు. కిందివైపు గీత అయితే అంత భయం లేదు. గీత మధ్యనుంచి అంచుకు, చక్రం ఆకుల్లా ఉంటే దాదాపుగా సరిచేసుకుంటుంది. చుట్టూరా వంపు తిరిగిన గీత అయితే కష్టం. సీడీలో దోష సవరణ ఒక వరసలో సుమారు 2.5 మిల్లీమీటర్ల దాకా పోయిన సమాచారాన్ని పూర్తిగా తిరిగి కట్టగలదు. చుట్టూరా గీత ఆ హద్దును ఒక్కసారిగా దాటేస్తుంది.

అందుకే తుడిచేటప్పుడు కూడా మధ్యనుంచి అంచుకు నేరుగా. గుండ్రంగా తిప్పితే మీరే కొత్త గీతలు గీసినట్టు. గిన్నెలు తోమే ద్రవం ఒక చుక్క, గోరువెచ్చని నీళ్ళు, మెత్తని పాత నూలుగుడ్డ చాలు. పౌడరు వద్దు, పెట్రోలు, థిన్నరు అసలు వద్దు. టూత్‌పేస్టు రాసి రుద్దేది ఆఖరి ప్రయత్నం, అదీ కింది గీతలకే.

మైపాడు_అల:
పెన్నాగట్టు గారూ, మీరు చెప్పినట్టు చూశాను. రెండింటికి బొమ్మ వైపు తెల్లగా సాలెగూడులా మచ్చలున్నాయి, చుక్కల్లో వెలుతురు మాత్రం రాలేదు. ఇదేంది?

పెన్నాగట్టు:
అది బూజు. సముద్రం పక్క ఊళ్ళల్లో, ఈశాన్య రుతుపవనాల వానలప్పుడు అలమరాలో మూసిపెట్టిన సీడీలకు పట్టేదే. పైపైన ఉంటే సబ్బునీళ్ళకు పోతుంది. తడి పూర్తిగా ఆరేదాకా, కనీసం అరగంట నీడన పెట్టండి. ఎండలో పెట్టొద్దు. పొరదాకా దిగి ఉంటే అంచునుంచి లోపలికి పాకిన మచ్చగా కనపడుతుంది. ఆ సీడీలను ముందు రిప్ చెయ్యండి, వచ్చే వానాకాలం దాకా ఆగొద్దు.

చీమకుర్తి_గెలాక్సీ:
రాగం తెగిపోయే సమస్యకొస్తా. దీనికి మూడు కారణాలుంటాయి, మీకు మూడూ ఒకేసారి కలిసినట్టున్నాయి.

మొదటిది ఎంపీత్రీ. ఎంపీత్రీ తయారుచేసే లేమ్ ఎన్‌కోడరు ప్రతి ఫైలు మొదట్లో 576 శాంపిళ్ళ ఖాళీ చేరుస్తుంది, విప్పేటప్పుడు ఇంకో 529 చేరతాయి. చివర కూడా కొంత నింపుతుంది. ఒక్కో అతుకు దగ్గర చిన్న గతుకు పడేది దానివల్లే. ఫ్లాక్‌కు ఆ బెడద లేదు.

రెండోది రైటింగ్ పద్ధతి. "ట్రాక్ అట్ వన్స్" అయితే ఒక్కో ట్రాకు తర్వాత లేజరు ఆగి 2 సెకన్ల గ్యాపు వేస్తుంది. "డిస్క్ అట్ వన్స్" అయితే మొదటినుంచి చివరిదాకా ఆగకుండా రాస్తుంది. విండోస్ మీడియా ప్లేయర్లోనే రైట్ చేసినా ఆప్షన్స్‌లో బర్న్ ట్యాబ్ కింద గ్యాపులు లేకుండా రాసే టిక్కు ఒకటుంది. అది పెట్టకపోతే ఖాళీలే.

మూడోది చాలామందికి తెలియదు. ఆడియో సీడీ సెకనుకు 75 ఫ్రేములుగా రాస్తారు. 44,100ని 75తో భాగిస్తే 588. అంటే ఒక్కో ఫ్రేముకు సరిగ్గా 588 శాంపిళ్ళు. మీరు ఎడిటింగులో ట్రాకును ఫ్రేము మధ్యలో, ఉదాహరణకు 300వ శాంపిల్ దగ్గర కోస్తే, మిగిలిన 288ని రైటింగ్ సాఫ్ట్‌వేరు సున్నాలతో నింపుతుంది. సెకనులో 150వ వంతు నిశ్శబ్దం అది. మాటల మధ్యలో తెలియదు. దాసుగారు రాగం సాగదీసేటప్పుడు, వెనక హార్మోనియం శ్రుతి పట్టుకుని ఉన్నప్పుడు పడితే "టక్" మని వినపడుతుంది.

కాబట్టి ఆడాసిటీలో (ఉచిత ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేరు) ఎడిట్ చేసేటప్పుడు కింద టైము చూపించే చోట సీడీడీఏ ఫ్రేములు ఎంచుకుని, స్నాప్ ఆన్ చెయ్యండి. అప్పుడు కర్సరు 588 హద్దుల మీదే ఆగుతుంది. కోయాల్సిన ప్రతి చోటా కంట్రోల్ బీ కొట్టి లేబుల్ పెట్టి పేరు రాయండి. చివర లేబుళ్ళ ప్రకారం ఒకేసారి అన్ని ఫైళ్ళుగా ఎగుమతి చెయ్యండి. 44,100, 16 బిట్, వేవ్.

ఇంకోమాట. కోసి అతకడం తప్ప ఏమీ చెయ్యకపోతే డిథర్, అంటే ఎగుమతిలో కావాలని కలిపే సన్నటి శబ్దం, ఆపెయ్యండి. ఆడాసిటీలో ఎగుమతికి అది మామూలుగా ఆన్‌లోనే ఉంటుంది, అనవసరంగా సన్నటి హోరు కలుపుతుంది. సౌండు పెంచడం తగ్గించడం చేసినప్పుడు మాత్రం ఉండాలి.

మైపాడు_అల:
నాయిస్ రిడక్షన్, క్లిక్ రిమూవల్ పెట్టేస్తే మిగిలిన టిక్కులు పోవా?

చీమకుర్తి_గెలాక్సీ:
హరికథకు క్లిక్ రిమూవల్ మొత్తం ట్రాకు మీద పెట్టొద్దు, దయచేసి. చిడతల దెబ్బ ఎట్టా ఉంటుందో వేవ్‌ఫారాన్ని బాగా పెద్దది చేసి చూడండి. నిటారుగా లేచి, వెంటనే పడిపోయే సన్నటి ముల్లు. సీడీ మీద గీత వల్ల వచ్చే టిక్కు కూడా అచ్చం అట్టాగే ఉంటుంది. సాఫ్ట్‌వేరుకు తేడా తెలియదు. మామూలు సెట్టింగు, అంటే త్రెషోల్డ్ 200, స్పైక్ వెడల్పు 20 పెట్టి కొట్టారంటే చిడతల పదును సగం ఎగిరిపోయి, తడిగుడ్డ మీద కొట్టినట్టు అవుతుంది. మృదంగం కుడివైపు దెబ్బకూ ఇదే గతి.

చెయ్యాల్సింది ఇది. టిక్కు వినపడిన చోటుకు వెళ్ళి, శాంపిళ్ళు చుక్కలుగా విడివిడిగా కనపడేదాకా జూమ్ చెయ్యండి. తాళంలో ఉన్న దెబ్బేనా కాదా చెవితో తేల్చుకోండి. గీత టిక్కు తాళానికి సంబంధం లేకుండా పడుతుంది. పైగా ఒక ఛానెల్‌లో ఎక్కువ, ఇంకోదాంట్లో తక్కువ ఉండేది ఎక్కువ. ఆ ముల్లును మాత్రం ఎంచుకుని రిపేర్ ఎఫెక్టు కొట్టండి. అది 128 శాంపిళ్ళకు మించి ఎంచుకోనివ్వదు, అదీ మంచిదే. పక్కనున్న శబ్దాన్ని బట్టి ఆ కాస్త చోటు పూడుస్తుంది.

నాయిస్ రిడక్షన్ సీడీలకు అవసరం రాదు. క్యాసెట్ నుంచి తీసిన సీడీ అయితే హోరు ఉంటుంది. అప్పుడు కూడా ఎవరూ పాడని రెండు సెకన్ల చోటు నమూనా తీసుకుని 6 డీబీ, మహా అయితే 9 డీబీ. 12 దాటితే శ్రుతి తోక నీళ్ళల్లో మునిగినట్టు బుడగలు బుడగలుగా వినపడుతుంది. ఉన్న హోరు కన్నా అదే ఎక్కువ చికాకు.

ఒంగోలు_గిత్త:
గెలాక్సీ గారి మాటకు ఒకటి చేరుస్తా. ఎడిట్ చేసేముందు టెస్ట్, కాపీ సీఆర్‌సీలు కలిశాయో లేదో చూడండి. కలిసి కూడా అదే చోట టిక్కు ఉందంటే అది బహుశా మాస్టర్‌లోనే, అంటే కంపెనీ అసలు రికార్డింగులోనే ఉంది, ఎడిటింగే దారి. కలవకపోతే ఎడిట్ చెయ్యొద్దు. సీడీ తుడిచి, స్పీడు 4ఎక్స్‌కు తగ్గించి మళ్ళీ చదివించండి. అసలు శబ్దం దొరికే అవకాశం ఉండగా ఊహించి పూడ్చడం తప్పు.

ఉదయగిరి_దుర్గం:
పాటలు ఏరి ఒకే సీడీలో పెట్టేటప్పుడు సౌండు హెచ్చుతగ్గులు ఎట్టా? ఘంటసాల పాట పక్కన ఈ మధ్య వచ్చిన భక్తిగీతం పెడితే గుడి మైకులో రెండోది ఊరంతా అదరగొడుతుంది. నార్మలైజ్ చేసినా అంతే.

చీమకుర్తి_గెలాక్సీ:
నార్మలైజ్ చూసేది పీక్‌ను, అంటే అన్నిటికన్నా ఎత్తైన శబ్దాన్ని మాత్రమే. కొత్త పాటల్లో అంతా పీక్ దగ్గరే నొక్కి ఉంటుంది, పాత పాటలో ఒక్క మృదంగం దెబ్బ పైకి పోతుంది, మిగతాదంతా కింద ఉంటుంది. పీక్‌లు సమానమైనా చెవికి సమానం కాదు. లౌడ్‌నెస్ నార్మలైజేషన్ వాడండి. ఆడాసిటీలో మామూలుగా -23 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి ఎంత గట్టిగా వినపడుతుందో చెప్పే కొలత) ఉంటుంది, గుడి ప్లేయర్‌కు -18 పెట్టండి. పెంచాక పీక్‌లు 0 డీబీ తగులుతున్నాయేమో చూసుకోండి, తగిలితే అన్నిటినీ కలిపి -20కి దించండి. అంటే పెద్దదాన్ని తగ్గించాలి, చిన్నదాన్ని బలవంతంగా పైకి లాగకూడదు.

ఇది ఏరిన పాటల సీడీకి మాత్రమే. హరికథకు ట్రాకు ట్రాకుకూ విడిగా చేస్తే వచనం, కీర్తన ఒకే గొంతుకు వచ్చి కథ చప్పబడుతుంది. మొత్తం కథను ఒకే ముక్కగా ఎంచుకుని ఒక్కసారే చెయ్యండి.

కావలి_పాసింజర్:
ఇప్పుడు రైటింగు. గుడి ప్లేయర్లో చివరి ట్రాకులు ఎగరడానికి కారణం చెప్తా. సీడీని మధ్యనుంచి బయటికి రాస్తారు, చదువుతారు. చివరి పాటలు బయటి అంచు దగ్గర. చవక సీడీ-ఆర్‌లలో (ఒక్కసారే రాయగలిగే ఖాళీ సీడీలు) రంగు పొర అంచు దగ్గర సమంగా ఉండదు. సీడీ కాస్త వంగి ఉన్నా అంచే ఎక్కువ ఊగుతుంది. వేళ్ళ ముద్రలు పడేదీ అంచు మీదే. పైన కాగితం స్టిక్కరు అంటిస్తే బరువు ఒకవైపు లాగి ఊపు ఇంకా పెరుగుతుంది. పాత ప్లేయరు లెన్సు ఇవన్నీ తట్టుకోలేదు.

80 నిమిషాల సీడీని 79 నిమిషాలు నింపొద్దు. గుడి ప్లేయర్‌కు 70 నిమిషాల దగ్గర ఆపండి. స్టిక్కరు వద్దు, సీడీ మార్కరుతో మధ్యలో పారదర్శకంగా ఉండే వలయం దగ్గర రాయండి. బాల్‌పెన్ మొన పైనున్న పొరను నొక్కేస్తుంది.

సీడీ-ఆర్‌డబ్ల్యూ, అంటే చెరిపి మళ్ళీ రాసే సీడీ, అస్సలు వద్దు. కంపెనీ సీడీ పడిన వెలుతురులో 70 శాతం పైన వెనక్కి పంపుతుంది, సీడీ-ఆర్ దాని దగ్గరగా ఉంటుంది. ఆర్‌డబ్ల్యూ 15 నుంచి 25 శాతమే. పాత ప్లేయరు అసలు సీడీ ఉన్నట్టే గుర్తించదు. డీవీడీ-ఆర్ మీద ఆడియో సీడీ రాదు, అడిగేవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి చెప్తున్నా.

స్పీడు సంగతి. 52ఎక్స్ అని డబ్బా మీద ఉంది కదా అని దాంట్లో రాయొద్దు. ఆ వేగం అంచు దగ్గరే అందుకుంటుంది, తప్పులు పడేదీ అక్కడే.

ఉదయగిరి_దుర్గం:
4ఎక్స్‌లో రాస్తే ఇంకా మంచిది కదా పాసింజర్ గారూ? నెల్లూరులో పాత రికార్డింగు షాపులవాళ్ళందరూ అదే చెప్పేవాళ్ళు.

కావలి_పాసింజర్:
అప్పట్లో నిజం. అప్పటి సీడీల రంగు పొర నెమ్మది రాతకు తయారైంది. ఇప్పుడు దొరికే 52ఎక్స్ సీడీల పొర వేగానికి తగినట్టు పల్చగా, తొందరగా మారేట్టు ఉంటుంది. దానిమీద లేజరు మరీ ఎక్కువసేపు నిలబడితే గుర్తు పక్కకు పాకుతుంది. పైగా చాలా డ్రైవులు 4ఎక్స్ ఇవ్వవు, మీరు 4 పెట్టినా అది 10 గానీ 16 గానీ రాస్తుంది. 16 నుంచి 24 మధ్య పెట్టండి. 80 నిమిషాల సీడీకి 16ఎక్స్‌లో 5 నిమిషాలు, మొదలు చివర కలిపి ఇంకో నిమిషం.

రాసేదానికి ఇమ్‌గ్‌బర్న్ అనే సాఫ్ట్‌వేరు చాలు. టూల్స్‌లో క్యూ ఫైలు (ట్రాకుల వరస, గ్యాపులు రాసి ఉండే జాబితా) తయారుచేసే చోట వేవ్ ఫైళ్ళను వరసలో పెట్టండి. మొదటి ట్రాకు ముందు 2 సెకన్లు నియమం ప్రకారం తప్పదు, మిగతా అన్నిటికీ ప్రీగ్యాప్, అంటే ట్రాకు ముందు ఖాళీ, సున్నా. క్యూ సేవ్ చేసి దాన్నే రైట్ చెయ్యండి, డిస్క్ అట్ వన్స్‌లోనే పోతుంది. ఫ్లాక్ ఇస్తే డీకోడర్ల గొడవ వస్తుంది. ఫూబార్ అనే ప్లేయరుతో ముందే వేవ్‌గా మార్చుకోండి.

బయట తగిలించే రైటరు గురించి కూడా. యూఎస్‌బీ 2 పోర్టు 500 మిల్లీయాంప్‌లే ఇస్తుంది. సన్న రైటరు తిరగడం మొదలెట్టేటప్పుడు, రాసేటప్పుడు అంతకు మించి లాగుతుంది. "పవర్ కాలిబ్రేషన్ ఎర్రర్" వచ్చేదానికి చెడ్డ సీడీ ఒక కారణం, కరెంటు చాలకపోవడం ఇంకొకటి. రెండు యూఎస్‌బీ మొనలున్న వై కేబుల్ వాడండి. ఒకటే ఉంటే యూఎస్‌బీ 3 పోర్టుకు నేరుగా పెట్టండి. హబ్బు మధ్యలో పెట్టొద్దు. డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ మీద ఉండాలి. రాత మధ్యలో కరెంటు పోతే ఆ సీడీ ఇంక పనికిరాదు.

కనిగిరి_కొండ:
రాసింది సరిగ్గా వచ్చిందో లేదో చూసేదెట్టా? డేటా సీడీకి వెరిఫై ఉంది, ఆడియోకు ఆఫ్‌సెట్ వల్ల సరిగా కుదరదు.

ఒంగోలు_గిత్త:
రాసిన సీడీని మళ్ళీ ఈఏసీలో పెట్టి చివరి రెండు ట్రాకులు రిప్ చెయ్యండి. ట్రాక్ క్వాలిటీ 100 శాతం వచ్చి, సీఆర్‌సీలు టెస్టుకూ కాపీకీ కలిస్తే రాత బాగున్నట్టే. అసలు ఫైలుతో సీఆర్‌సీ కలవకపోవచ్చు. రాసేటప్పుడు కూడా డ్రైవుకు సొంత జరుగుడు ఉంటుంది మరి. 99.7 లాంటిది వచ్చిందంటే మీ దగ్గర ఆడుతుంది, గుడి ప్లేయర్‌లో ఎగురుతుంది.

ఉదయగిరి_దుర్గం:
కారు ఎంపీత్రీ సీడీ సంగతి నేను చెప్తా. ఫ్లాక్ నుంచే 192 కేబీపీఎస్ ఎంపీత్రీ తయారు చెయ్యండి, 700 ఎంబీలో సుమారు ఎనిమిదిన్నర గంటలు పడుతుంది. పాత కారు స్టీరియోలు వేరియబుల్ బిట్‌రేటుకు టైము తప్పుగా చూపిస్తాయి, స్థిరమైన బిట్‌రేటే పెట్టండి. డేటా సీడీగా, జోలియట్‌తో (పొడుగు ఫైలు పేర్లు పట్టే పద్ధతి), సెషన్ మూసేసి రాయండి. మూయకపోతే కంప్యూటర్లో కనపడుతుంది, కారులో "నో డిస్క్" అంటుంది.

పేర్లు తెలుగు లిపిలో పెడితే చాలా స్టీరియోల్లో డబ్బాలు డబ్బాలుగా కనపడతాయి. కంప్యూటర్లో ఫ్లాక్‌లకు తెలుగులోనే పేరు, కథ, గాయకుడు, ఊరు అన్నీ శుభ్రంగా రాయండి. ఎంపీత్రీట్యాగ్ దీనికి బాగుంటుంది. కారు సీడీకి వెళ్ళే కాపీకి మాత్రం ఇంగ్లీషు అక్షరాలు, ముందు 01, 02 అంకెలు. ఆడియో సీడీలో రాసే సీడీ టెక్స్ట్‌లో కూడా తెలుగు లిపి పట్టదు. బొమ్మ పెడితే 300కి 300 పిక్సెళ్ళు మించొద్దు, పెద్ద బొమ్మ ఉన్న ఫైలు దగ్గర కొన్ని స్టీరియోలు ఆగిపోతాయి.

కొత్తపట్నం_రేవు:
అలమరాలో సీడీలు నిలబెట్టి పెట్టండి, ఒకదానిమీద ఒకటి పేర్చొద్దు. రైట్ చేసిన సీడీ-ఆర్‌ను రోహిణి కార్తెలో కారు అద్దం దగ్గర వదిలితే రంగు పొర పాడవుతుంది, కంపెనీ సీడీకన్నా చాలా తొందరగా. ఉప్పుగాలి ఊళ్ళల్లో డబ్బాలో సిలికా జెల్ పొట్లం వేసి, వానలయ్యాక మార్చండి. రైట్ చేసిన సీడీని శాశ్వతమని నమ్మొద్దు. ఫ్లాక్‌లు రెండు హార్డ్‌డిస్కుల్లో, వాటిలో ఒకటి వేరే ఇంట్లో.

కనిగిరి_కొండ:
ఇంకో సంగతి, సొంత వాడకానికి కాపీ తీసుకోవడం కాపీరైట్ చట్టం 1957లో సెక్షన్ 52 కింద న్యాయమైన వాడకంగా చెల్లుతుంది. కాపీలు తీసి అమ్మడం, నెట్‌లో పెట్టడం వేరు, అది చెల్లదు. మనదేశంలో రికార్డింగు మీద హక్కు, విడుదలైన మరుసటి ఏడాది నుంచి లెక్కేసి 60 ఏళ్ళు ఉంటుంది. మైకులో బహిరంగంగా వినిపించేది కూడా సొంత వాడకం కిందికి రాదు, గుడి కమిటీవాళ్ళతో ఒక మాట చెప్పి ఉంచండి.

మైపాడు_అల:
ఇప్పటికి 11 సీడీలు ఈఏసీలో అయినాయి. పదింటికి అన్ని ట్రాకులూ సీఆర్‌సీ కలిశాయి, మీడియా ప్లేయర్ రిప్పులో ఉన్న టిక్కులు ఒక్కటీ లేవు. ఒక పద్యనాటకం సీడీలో 6వ ట్రాకుకు మాత్రం సస్పీషియస్ పొజిషన్ 0:04:12 నుంచి 0:04:15 దాకా అని వచ్చింది, క్వాలిటీ 98.9. సబ్బునీళ్ళతో తుడిచి, 4ఎక్స్‌లో చదివించినా అంతే. ట్యూబ్‌లైటుకు పెడితే మధ్యకూ అంచుకూ నడిమి ఒక చుక్క వెలుతురు కనపడుతుంది.

పెన్నాగట్టు:
ఆ చుక్క దగ్గర పొర పోయింది. ఆ కాపీలో ఆ మూడు సెకన్లు పూర్తిగా రావు.

ఒంగోలు_గిత్త:
వేరే డ్రైవులో ఒకసారి చూడండి, ముఖ్యంగా పాత డెస్క్‌టాప్ సీడీ రైటరు దొరికితే. సన్న రైటర్లకన్నా కొన్ని బాగా చదువుతాయి. అప్పటికీ రాకపోతే అదే నాటకం సీడీ ఇంకో కాపీ ఎవరి దగ్గరన్నా ఉందేమో అడగాలి. ఒకే ముద్రణ అయితే 6వ ట్రాకు ఒక్కటి రిప్ చేసి పంపితే చాలు. మీ రిప్పులో బాగున్న భాగాన్ని దాంతో శాంపిల్ శాంపిల్ సరిపెట్టి, ఆ మూడు సెకన్లే అతకొచ్చు. నాటకం పేరు, సీడీ మీదున్న నంబరు ఇక్కడ పెట్టండి.

కావలి_పాసింజర్:
నంబరంటే సీడీ కింద మెరిసే వైపు, మధ్య రంధ్రం పక్కన లోపలి వలయంలో చెక్కి ఉండేది కూడా. వెలుతురుకు వంచితే చదవొచ్చు. కవరు మీది నంబరు ఒకటే అయినా ముద్రణ వేరు కావొచ్చు. ఆ వలయం అక్షరాలు కలిస్తే ఆఫ్‌సెట్‌తో సహా సరిపోయే అవకాశం ఎక్కువ. రెండూ రాయండి, మా వైపు పద్యనాటకం సీడీలున్న వాళ్ళను అడుగుతా.